ఐదు మేకల ఊళ్లో... ఆటవిడుపు!

కోటీ ఎనభై లక్షలకు పైగా జనం. మబ్బుల్ని తాకే మేడలు. క్షణం తీరిక లేని పనులు. అయినా సెలవు దొరికితే ఆ ఊళ్లో చాలామంది చెట్టు కింద చేరి పాట పాడతారు. రాలిన పూలు ఏరుకుంటారు. ఒక్క కప్పు టీ ముందు పెట్టుకుని మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పుకుంటారు. పెద్దగా ఖర్చులేని ఆ సరదాల్ని కాపాడుకోవడానికి వీధిలోకి వచ్చి నిలదీశారు కూడా! చైనాలోని గ్వాంగ్‌జౌ కబుర్లివి.

వేసవి వచ్చిందంటే తిరువూరు చుట్టుపక్కల ఎక్కడ చూసినా మామిడే. తోటల్లో కాయ కోతలూ, నున్న మార్కెట్‌కి బయల్దేరే వాహనాలూ, ఈ ఏడు కాపు ఎలా ఉందన్న కబుర్లూ... రెండు నెలలపాటు ఊరంతా అదే సందడి. అలాంటి ఊరివాళ్లని తీసుకెళ్లి గ్వాంగ్‌జౌలో దించితే ముందుగా ఆశ్చర్యపోయేది అక్కడి ఆరు వందల మీటర్ల టవర్‌ని చూసి కాకపోవచ్చు. బస్టాపు మీద గుత్తులు గుత్తులుగా వేలాడుతున్న మామిడికాయల్ని చూసి!

అవును, దక్షిణ చైనాలోని ఆ మహానగరంలో ఎన్నో వీధుల్లో రోడ్డుకి అటూ ఇటూ నీడనిచ్చేవి మామిడిచెట్లే. కాయలు పండే కాలానికి నగర సిబ్బంది వచ్చి కోసేస్తుంటారు. బళ్ల పొగ పీల్చుకుని, పురుగు మందులు చల్లించుకుని పెరిగిన కాయలు కాబట్టి కోసుకు తినొద్దని ఏటా చెబుతుంటారు. అయినా కర్రకి గాలం కట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కడైనా ఉంటారుగా!

అదే ఊళ్లో బూరుగు చెట్టూ ఉంది. మర్రి జాతి చెట్లూ ఉన్నాయి. ఉక్కపోతా, వానలూ, వరిపొలాల జ్ఞాపకాలూ ఉన్నాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం కోటీ 86 లక్షల మందికి పైగా ఉంటున్న ఆ నగరంలో స్థానికులు తీరిక వేళల్ని ఎలా గడుపుతారో చూస్తే, ‘అరే, ఇది మన ఊరి ముచ్చటలాగే ఉందే’ అనిపిస్తుంది.

ముందు ఊరి పేరు సంగతి. పాతకాలంలో పాశ్చాత్యులు కాంటన్ అని పిలిచింది దీన్నే. స్థానికులకు మాత్రం ఇది ‘మేకల నగరం’. ఒకప్పుడు ఇక్కడ కరువొస్తే ఐదుగురు దేవతలు ఐదు మేకలనెక్కి, చేతిలో వరి కంకులతో దిగివచ్చారట. ‘ఇక మీకు తిండికి లోటుండదు’ అని దీవించి దేవతలు వెళ్లిపోతే, మేకలు రాళ్లయి ఇక్కడే ఉండిపోయాయట. ఊరి నడిబొడ్డున యుయెషియు పార్కులో ఉన్న ఐదు మేకల రాతి విగ్రహం ఆ కథకి గుర్తు. గ్వాంగ్‌జౌకి వచ్చిన కొత్తవాళ్లు ఫొటో దిగేది అక్కడే. తిండి గురించే పుట్టిన ఊరు కదా... ఆ ఊరివాళ్ల మొదటి సరదా కూడా తిండితోనే మొదలవుతుంది.

‘టీ తాగారా?’

మన దగ్గర ఎవరైనా ఎదురైతే ‘భోజనం అయిందా?’ అంటాం. గ్వాంగ్‌జౌలో పొద్దున పూట అడిగే కుశల ప్రశ్న ‘టీ తాగారా?’ అని. అలాగని అది రెండు గుక్కల్లో అయిపోయే టీ కాదు. స్థానిక కాంటనీస్ భాషలో దాన్ని ‘యమ్ చా’ అంటారు. మాటకి అర్థం టీ తాగడమే. తాగేదానికంటే తినేదే ఎక్కువ!

పొద్దున్నే టీ శాలల ముందు పెద్దవాళ్లు బారులు తీరతారు. లోపల గుండ్రటి బల్లలు. కూర్చోగానే ఏ టీ కావాలో అడుగుతారు. నల్లటి పూఅర్ టీనా, చేమంతి పూల టీనా అన్నది ఎవరిష్టం వాళ్లది. వేడినీళ్లు రాగానే కప్పులూ చాప్‌స్టిక్‌లూ ఎవరికి వాళ్లు ఇంకోసారి కడుక్కుంటారు. అదో అలవాటు. తర్వాత వెదురు బుట్టలు ఒక్కొక్కటే బల్ల మీదికి వస్తాయి. పల్చటి పొరలోంచి గులాబీరంగు రొయ్య కనిపించే హార్ గావ్, పంది మాంసం కూరిన సియూ మై, మెత్తటి బన్నులు, మసాలా పట్టించిన కోడికాళ్లు... ఇలా రకానికి మూడో నాలుగో ముక్కలు. వీటన్నిటినీ కలిపి డిమ్‌సమ్ అంటారు. చాలావరకూ మన ఇడ్లీ, కుడుముల్లాగా ఆవిరి మీద ఉడికినవే. అందులోనూ చ్యూంగ్ ఫన్ అనేది అచ్చంగా బియ్యప్పిండి వంటకం. జారుగా కలిపిన పిండిని పళ్లెంలో పల్చగా పోసి, ఆవిరిపట్టి, చాపలా చుట్టేసి, పైన సోయా పులుసు పోసి ఇస్తారు.

పాతకాలం వాళ్లకి ఓ లెక్క ఉండేది. ఒక గిన్నె టీ, రెండు రకాల పలహారం. చేతిలో దినపత్రిక. అంతే, పూటంతా గడిచిపోయేది. ఇప్పటికీ విశ్రాంత ఉద్యోగులకి అదే పద్ధతి. ఆదివారం మాత్రం తాత, కొడుకు, మనవడు... మూడు తరాలూ ఒకే బల్ల చుట్టూ చేరతాయి. వారమంతా ఒకరి మొహం ఒకరు చూసుకోలేని కుటుంబాలకి అదే కలుసుకునే చోటు. 1880లో మొదలైన తావ్‌తావ్‌జూ లాంటి పేరున్న శాలల్లో ఆ రోజు కుర్చీ దొరకడం కష్టమే.

ఇక్కడి మర్యాదలూ తమాషాగా ఉంటాయి. ఎదుటివాళ్లు కప్పులో టీ పోస్తే నోటితో చెప్పక్కర్లేదు. రెండు వేళ్లు మడిచి బల్ల మీద రెండుసార్లు తట్టాలి. చియన్‌లాంగ్ చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ ఓ టీ శాలలో తన సేవకులకి స్వయంగా టీ పోశాడట. అక్కడ సాష్టాంగపడితే గుట్టు బయటపడుతుంది. అందుకని వాళ్లు వేళ్లనే మోకాళ్లలా వంచి మొక్కారట! ఇక, పాత్రలో నీళ్లు అయిపోతే కేకెయ్యక్కర్లేదు. మూత తీసి పక్కన పెడితే చాలు, వడ్డించేవాళ్లకి అర్థమైపోతుంది.

పార్కే రచ్చబండ

పొట్ట నిండాక తర్వాతి మజిలీ పార్కు. మన ఊళ్లో రచ్చబండ దగ్గర ఏమేం జరుగుతాయో అవన్నీ అక్కడ జరుగుతాయి. ఓ చెట్టు కింద తైచీ చేసేవాళ్లు. ఇంకో చెట్టు కింద చదరంగం. చుట్టూ నిలబడి సలహాలిచ్చేవాళ్లు ఆడేవాళ్లకంటే ఎక్కువ. నలుగురైదుగురు గుండ్రంగా నిలబడి ఈకలు గుచ్చిన బిళ్లని కింద పడకుండా కాళ్లతో ఎగరేస్తుంటారు. జియాంజీ అంటారు దాన్ని. డెబ్భై ఏళ్ల పెద్దాయన వెనక్కి తిరిగి మడమతో తన్ని అందిస్తుంటే పాతికేళ్ల కుర్రాడు అందుకోలేక నవ్వేస్తాడు. మరోపక్క పెద్ద కుంచెని నీళ్లలో ముంచి, నేల మీద అక్షరాలు రాసేవాళ్లు కనిపిస్తారు. ఎండకి ఆరిపోయే రాత అది. అయినా ఒక్కో గీతనీ ఎంతో శ్రద్ధగా దిద్దుతారు.

సాయంత్రం అయితే ఖాళీ జాగా ఉన్న ప్రతిచోటా స్పీకర్లు పెట్టుకుని ఆడవాళ్లు బృందాలుగా నాట్యం చేస్తారు. అన్నిటికంటే వినసొంపైన దృశ్యం మాత్రం మండపాల్లో ఉంటుంది. తంబూరాలాంటి తీగ వాద్యాలూ, తాళాలూ పట్టుకుని కొందరు కూర్చుంటారు. ఒకరు లేచి కాంటనీస్ నాటకంలోని పాట అందుకుంటారు. టిక్కెట్టు లేదు, వేదిక లేదు. తమలో తామే చందాలేసుకుని నడుపుకునే బృందాలివి. కృష్ణా జిల్లా పల్లెల్లో పద్యనాటకం పిచ్చి తెలిసినవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఓ పద్యం బాగా పాడితే ‘వన్స్‌మోర్’ అన్న కాలం మనదీ కదా. కాంటనీస్ నాటకాన్ని 2009లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది.

యుయెషియు పార్కులోనే 1380లో కట్టిన ఐదంతస్తుల జెన్‌హాయ్ బురుజుంది. ఇప్పుడది నగర ప్రదర్శనశాల. ఒకప్పుడు కోటగోడ మీద కాపలా కాసిన బురుజు కింద ఇప్పుడు మనవళ్లని ఆడిస్తూ తాతయ్యలు కునుకు తీస్తుంటారు.

పూలు ఏరుకుని... పులుసు పెట్టుకుని

బూరుగు చెట్టు మనకి కొత్తేం కాదు. పొలం గట్టునో, అడవి దారిలోనో ఆకులన్నీ రాల్చేసి ఎర్రటి పూలతో నిలబడి ఉంటుంది. మన దగ్గర దానికి దక్కేది దిండ్లలోని దూది గౌరవమే. గ్వాంగ్‌జౌలో మాత్రం అది నగర పుష్పం! నిటారుగా, ఎవరికీ తలవంచకుండా ఉంటుందని ‘వీరుల చెట్టు’ అనీ పిలుచుకుంటారు. చలికాలం వెళ్లి ఎండలు ముదిరేలోపు వీధుల వెంట ఆ చెట్లు ఎరుపెక్కుతాయి. ఆ రోజుల్లో స్థానిక పెద్దావిడలకి ఇష్టమైన పని, సంచీ పట్టుకుని చెట్ల కింద తిరగడం. ‘టప్’మని పూవు రాలిన చప్పుడైతే చాలు, పిల్లలూ పెద్దలూ పోటీపడి పరిగెడతారు. ఆ పూలని ఎండబెట్టి పులుసుల్లో వేసుకుంటారు. చేమంతి, దేవగన్నేరు లాంటి మరికొన్ని పూలతో కలిపి ‘ఐదు పూల టీ’ కాచుకుంటారు.

పులుసంటే గుర్తొచ్చింది. గంటల తరబడి సన్నటి సెగ మీద మరిగించిన సూపు లేకపోతే అక్కడ భోజనం భోజనమే కాదు. ఏ కాలానికి ఏ దినుసు వెయ్యాలో అమ్మమ్మలకి నోటికొచ్చు. ఒంట్లో వేడి చేసిందనో, నీరు పట్టిందనో మనవాళ్లు అన్నట్టే వాళ్లూ అంటారు. మందు మాత్రం వీధి చివరే ఉంటుంది. మూలికలు మరిగించిన నల్లటి కషాయాన్ని కప్పుల్లో పోసి అమ్మే చిన్న దుకాణాలవి. పేరు ‘చలవ టీ’. ఇరవై నాలుగు దినుసుల రకం ఉందే... నేలవేము కషాయం తాగినవాళ్లు కూడా మొహం చిట్లించాల్సిందే. ఆ చేదు మింగగానే చప్పరించడానికి ఓ తీపి ముక్క ఇస్తారు. ఇదే చలవ టీ వాంగ్‌లావ్‌జీ పేరుతో 1828లో ఓ చిన్న కొట్టులో మొదలై, ఇప్పుడు డబ్బాల్లో చైనా అంతటా దొరుకుతోంది.

మనకి మామిడి ఎలాగో, వాళ్లకి లిచీ అలాగ. వేసవిలో గ్వాంగ్‌జౌ శివారు జెంగ్‌చెంగ్ తోటలకి కుటుంబాలతో సహా వెళ్లి, చెట్టు మీది కాయని కోసుకు తినడం వాళ్లకి పెద్ద పండగ. అక్కడి ‘గువాలూ’ రకం లిచీకి ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. 2002లో జరిగిన వేలంలో ఒకే ఒక్క పండు ఐదున్నర లక్షల యువాన్లకి పైగా పలికింది! బంగినపల్లి బుట్టకి బేరమాడే మనం ఆ లెక్క వినకపోవడమే మంచిది.

నది మీద... కొండ మీద

ఊరి మధ్యలోంచి పెర్ల్ నది పారుతుంది. ముత్యాల నది అన్నమాట. రాత్రిపూట దీపాల వెలుగులో పడవ షికారు పర్యటకులకి. స్థానికులు ఎక్కేది మాత్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని చేరవేసే నీటి బస్సు. కొద్దిపాటి చిల్లరకే చల్లగాలీ, నదీ, రెండు ఒడ్డుల మేడలూ అన్నీ చూసెయ్యొచ్చు. నడుము దగ్గర సన్నగా మెలితిరిగిన కాంటన్ టవర్ కనిపించేదీ అక్కడినుంచే. 2010 ఆసియా క్రీడల వేళ తెరిచిన ఈ టవర్ ఎత్తు 600 మీటర్లు. జనం పెట్టుకున్న ముద్దుపేరు ‘సన్న నడుము’!

సెలవురోజు తెల్లవారుజామున కొంతమంది ఉత్తరం దిక్కున ఉన్న బైయున్ కొండ బాట పడతారు. తెల్లమబ్బుల కొండ అని దాని అర్థం. శిఖరం 382 మీటర్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా మెల్లగా ఎక్కేస్తారు. చాంద్రమానం ప్రకారం తొమ్మిదో నెల తొమ్మిదో రోజున కొండెక్కితే అదృష్టం కలిసొస్తుందని నమ్మకం. ఆ ముందురోజు రాత్రి నుంచే మెట్లన్నీ జనంతో నిండిపోతాయి. దసరాల్లో ఇంద్రకీలాద్రిని ఊహించుకుంటే సరిపోతుంది.

ఊరివాళ్లకున్న ఇంకో పిచ్చి బ్యాడ్మింటన్. పని అయ్యాక రాకెట్ భుజాన వేసుకుని ఇండోర్ కోర్టులకి వెళ్లేవాళ్లు ఎందరో. అలాంటి ఊళ్లో మన అమ్మాయి రెండుసార్లు చరిత్ర రాసింది. 2013లో గ్వాంగ్‌జౌలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పి.వి.సింధు చైనా మేటి క్రీడాకారిణులు వాంగ్ యిహాన్‌నీ, వాంగ్ షిషియాన్‌నీ వాళ్ల గడ్డమీదే ఓడించి కంచు పతకం గెలిచింది. ప్రపంచ పోటీల సింగిల్స్‌లో భారత మహిళకి దక్కిన మొదటి పతకం అది. మళ్లీ 2018 డిసెంబరులో అదే నగరంలో ఒకుహారాను ఓడించి వరల్డ్ టూర్ ఫైనల్స్ టైటిల్ అందుకుంది. ఆ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలూ సింధూనే.

పాత వీధుల్లో నడక

ఎండ చల్లబడ్డాక గ్వాంగ్‌జౌ వాసికి ఇష్టమైన పని ఊరికే నడవడం. అందుకు తగ్గట్టే పాత వీధులుంటాయి. కింద దుకాణం, పైన ఇల్లు. పై అంతస్తు కాలిబాట మీదికి పొడుచుకొచ్చి స్తంభాల మీద నిలబడుతుంది. వాన పడినా ఎండ కాసినా కింద నడిచేవాళ్లకి ఇబ్బంది ఉండదు. ఎన్నింగ్ వీధి అలాంటిదే. బ్రూస్‌లీ తండ్రి లీ హోయ్ చున్ కాంటనీస్ నాటకరంగంలో పేరున్న నటుడు. ఆయన పాత ఇల్లు ఈ వీధిలోనే ఉంది. దగ్గర్లోనే 2016లో నాటక కళల ప్రదర్శనశాలని తెరిచారు.

బెయిజింగ్ వీధిలో నడిచేవాళ్లు ఓచోట ఆగి కాళ్ల కిందికి చూస్తారు. 2002లో రోడ్డు తవ్వుతుంటే కింద ఇంకో రోడ్డు, దానికింద ఇంకోటి... ఇలా పదకొండు పొరలు బయటపడ్డాయి. వెయ్యేళ్లకు పైగా జనం అదే దారిలో నడిచారన్నమాట! వాటిని అలాగే ఉంచి పైన అద్దం పరిచారు.

మర్రిచెట్ల నీడలో నడవాలంటే షామియాన్ దీవికి వెళ్లాలి. పెళ్లి ఫొటోలు తీయించుకునే జంటలు అక్కడ అడుగడుగునా కనిపిస్తాయి. అంత అందమైన చోటుకి ఓ చేదు గతమూ ఉంది. నల్లమందు యుద్ధాల తర్వాత 1861లో బ్రిటన్, ఫ్రాన్స్ ఈ దీవిని పంచుకున్నాయి. 1925 జూన్ 23న కాలవ అవతలి ఒడ్డున ఊరేగింపుగా వెళ్తున్న జనం మీద ఇక్కడినుంచి కాల్పులు జరిపితే యాభైమందికి పైగా చనిపోయారు. ఒకప్పుడు తమని రానివ్వని వీధుల్లో ఇప్పుడు ఊరివాళ్లు మనవళ్ల చెయ్యి పట్టుకుని తిరుగుతున్నారు.

ఇక ఏడాదికోసారి వచ్చే సరదా పూల సంత. చైనా కొత్త సంవత్సరానికి ముందు మూడురోజులపాటు వీధులకి వీధులే పూలతో నిండిపోతాయి. పీచ్ కొమ్మలూ, నార్సిసస్ దుంపలూ, చిన్న చిన్న నారింజల్లాంటి పళ్లతో విరగకాసిన కుమ్‌క్వాట్ కుండీలూ... ఆ పండు పేరు కాంటనీస్‌లో ‘శుభం’ అనే మాటలా వినిపిస్తుంది. అందుకే వాకిట్లో జత కుండీలు పెట్టుకుంటారు. కొన్నా కొనకపోయినా ఇంటిల్లిపాదీ ఓసారి సంతలో తిరిగి రావాల్సిందే. లేకపోతే పండగ వచ్చినట్టే ఉండదు.

చెట్టు పోతే... మాట పోతే?

ఇంతకీ ఈ సరదాలన్నిటికీ ఆధారమేంటి? నీడనిచ్చే చెట్టు, నడవడానికో పాత వీధి, మాట్లాడుకోవడానికో సొంత భాష. గత ఇరవై ఏళ్లలో ఈ మూడింటికీ ముప్పొచ్చింది. మూడుసార్లూ ఊరివాళ్లు ఊరుకోలేదు.

మొదట వీధి వంతు. 2000ల ద్వితీయార్ధంలో ఎన్నింగ్ వీధి ప్రాంతాన్ని కూల్చి కొత్తగా కట్టాలన్న ప్రణాళిక వచ్చింది. అక్కడివాళ్లు అభ్యంతరాలు రాసిచ్చారు. విద్యార్థులు బృందాలుగా వచ్చి పాత ఇళ్ల వివరాలు సేకరించారు. కొన్ని ఇళ్లు నేలమట్టమయ్యాయి. కానీ ప్రణాళిక చాలాసార్లు మారి, చివరికి 2016 నాటికి కూల్చడానికి బదులు ఉన్నవాటిని బాగుచేసే పద్ధతిలోకి వచ్చింది. గోడలు నిలిచాయి. అయితే ఇళ్లు కాఫీ దుకాణాలుగా మారి, పాత కాపురస్థుల్లో ఎంతోమంది వెళ్లిపోయారన్న బాధ మాత్రం ఉంది.

తర్వాత భాష. గ్వాంగ్‌జౌ వాళ్ల మాతృభాష కాంటనీస్. బళ్లో, ఆఫీసులో మాండరిన్. ఇతర రాష్ట్రాల నుంచి లక్షలమంది వచ్చి స్థిరపడటంతో వీధిలోనూ మాండరినే పెరిగింది. 2010 జులైలో, ఆసియా క్రీడలకు ముందు, నగర టీవీలో ప్రధాన కార్యక్రమాల్ని మాండరిన్‌లోకి మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. అంతే, ఊరు కదిలింది. యువతరమే ఎక్కువగా రోడ్డు మీదికి వచ్చింది. టీవీ భాష మారబోదని అధికారులు చెప్పాల్సివచ్చింది. అయినా గండం గడిచినట్టు కాదు. తాతయ్య కాంటనీస్‌లో అడిగితే మనవడు మాండరిన్‌లో జవాబిచ్చే ఇళ్లు పెరుగుతున్నాయి. టీ బల్ల దగ్గరి హాస్యం, మండపంలోని పాట, చేదు కషాయం అమ్మే ఆవిడ పరాచికం... అన్నీ ఉన్నది ఆ భాషలోనే. అది పోతే బుట్టలో కుడుములు మిగులుతాయి, కబుర్లు మిగలవు. పిల్లలకి తెలుగు అంకెలు చెప్పడం రాక తల పట్టుకునే మన ఇళ్లకి ఈ దిగులు కొత్తదా?

ముచ్చటగా మూడోది, చెట్టు. 2021లో రోడ్లూ పార్కులూ ఆధునికీకరిస్తామంటూ వేలసంఖ్యలో చెట్లని నరికేశారు, పెకలించి వేరేచోటికి తరలించారు. వాటిల్లో దశాబ్దాల నాటి మర్రిజాతి చెట్లెన్నో. తరలించిన చోట చాలా చెట్లు బతకలేదు. ఊడలతో, గొడుగులాంటి కొమ్మలతో ఊరికి గుర్తుగా నిలిచిన చెట్లు మాయమయ్యేసరికి జనం మండిపడ్డారు. ఫొటోలు తీసి పెట్టారు. ఫిర్యాదులు రాశారు. విషయం రాజధాని దాకా వెళ్లింది. ఆ ఏడాది డిసెంబరులో నగరంలోని అగ్రనేతలతో సహా పలువురు అధికారుల మీద చర్యలు తీసుకున్నారు. చెట్లు నరికినందుకు మహానగర పాలకుల పదవులకే ఎసరు రావడం చైనాలోనే కాదు, ఎక్కడైనా అరుదే!

మనకీ ఆ ఊరికీ...

గ్వాంగ్‌జౌకీ మనకీ చుట్టరికం ఈనాటిది కాదు. దక్షిణ భారతం నుంచి బౌద్ధ ధర్మాన్ని మోసుకెళ్లిన బోధిధర్ముడు ఓడ దిగింది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. ఆయన అడుగుపెట్టిన చోటని చెప్పే హువాలిన్ ఆలయం పాత వీధుల మధ్య ఇప్పటికీ ఉంది. ఇక్కడి నుంచే 671లో యిజింగ్ అనే భిక్షువు ఓడెక్కి భారతదేశానికి బయల్దేరాడు. అంతకుముందు మరో మార్గంలో వచ్చిన షువాన్‌జాంగ్, అదే మనం హ్యుయాన్‌త్సాంగ్ అని పుస్తకాల్లో చదువుకున్నాయన, కృష్ణాతీరంలోని ధాన్యకటకంలో కొన్ని నెలలుండి చదువుకున్నాడు. అప్పట్లో వాళ్లు చదువు కోసం మన దగ్గరికొచ్చారు. ఇప్పుడు మన పిల్లలు చదువుకి అక్కడికి వెళ్తున్నారు.

2000ల నుంచి కృష్ణా, ఖమ్మం జిల్లాల్లోని చిన్న చిన్న పట్టణాల దాకా పాకింది చైనా ఎంబీబీఎస్ మాట. గ్వాంగ్‌జౌలోనూ జినాన్ లాంటి విశ్వవిద్యాలయాలు విదేశీ విద్యార్థులకి ఇంగ్లిషులో వైద్యవిద్య నేర్పుతున్నాయి. పాఠం ఇంగ్లిషులోనే అయినా రోగి మాట్లాడేది మాత్రం అక్కడి భాషే. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లనుంచి అని అడగడం రాకపోతే వార్డులో నిలబడీ లాభం లేదు. అందుకే హాస్టల్ గదికే అతుక్కుపోయే విద్యార్థికంటే, కూరగాయల సంతలో బేరమాడి, టీ శాలలో పెద్దవాళ్లతో మాట కలిపే విద్యార్థికి నాలుగు మాటలు ఎక్కువ వస్తాయి. ఊరి సరదాలు కాలక్షేపమే కాదు, చదువులో సగం అన్నమాట.

ఆ సంగతి 2020 తర్వాత మరీ బాగా తెలిసొచ్చింది. కొవిడ్‌తో వెనక్కి వచ్చిన విద్యార్థులు రెండున్నరేళ్లకు పైగా ఇంట్లో కూర్చుని తెర మీద పాఠాలు విన్నారు. వీసాల జారీ మళ్లీ మొదలైంది 2022 ఆగస్టులో. ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచిన వైద్యవిద్య చెల్లదని మన జాతీయ వైద్య కమిషన్ స్పష్టం చేయడంతో వాళ్లూ, అప్పు చేసి పంపిన తల్లిదండ్రులూ పడ్డ ఆందోళన అంతా ఇంతా కాదు. మంచం పక్కన నిలబడి నేర్చుకునేది తెర మీద రాదుగా మరి.

ఐదేళ్లకు పైగా ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరు 26న మళ్లీ మొదలయ్యాయి. ఆ మొదటి విమానం కోల్‌కతా నుంచి వెళ్లింది ఎక్కడికో తెలుసా... గ్వాంగ్‌జౌకే!

వెళ్తే ఇవి గుర్తుంచుకోండి

* ఏప్రిల్, అక్టోబరుల్లో కాంటన్ ఫెయిర్ ఉంటుంది. 1957 నుంచి జరుగుతున్న పెద్ద వాణిజ్య ప్రదర్శన ఇది. ప్రపంచ వ్యాపారులంతా దిగుతారు కాబట్టి హోటల్ గదుల ధరలు బాగా పెరిగిపోతాయి. ఊరు చూడ్డానికైతే ఆ రోజులు తప్పించుకోవడం మేలు.

* శాకాహారులకి టీ శాలల్లో కొంచెం కష్టమే. ముద్ద కూడా అడిగి తినాలి. బౌద్ధ ఆలయాల దగ్గరుండే శాకాహార భోజనశాలలు మంచి దారి. పేరులోనే మర్రిచెట్లున్న ఆరు మర్రుల ఆలయం చూడదగ్గది. దీన్ని 537లో కట్టారు.

* 1997లో మొదలైన మెట్రో ఇప్పుడు ఊరంతా అల్లుకుపోయింది. ఇక్కడ చెప్పిన చోట్లలో చాలావాటికి మెట్రోలోనే వెళ్లొచ్చు.

* బూరుగు పూల కోసం ఫిబ్రవరి నెలాఖరు, మార్చి. లిచీ కోసం జూన్. పూల సంత కోసం చైనా కొత్త సంవత్సరానికి ముందు మూడురోజులు. ఎండలూ ఉక్కా మన బెజవాడని మరిపిస్తాయి కాబట్టి జులై, ఆగస్టు వద్దు.

* టీ పోసినవాళ్లకి బల్లమీద వేళ్లతో తట్టడం మరిచిపోకండి. ‘ఈయనెవరో మన పద్ధతి తెలిసినాయనే’ అని పక్క బల్లవాళ్లు కూడా నవ్వుతారు.

గ్వాంగ్‌జౌ దాకా వెళ్లే వీలు అందరికీ ఉండదు. ఫర్వాలేదు. ఆ ఊరివాళ్లు ప్రాణంగా చూసుకునేవి మన చుట్టూ కూడా ఉన్నాయి. మామిడి కాస్తుంది, గట్టుమీద బూరుగు పూస్తుంది, మర్రి నీడ ఇంకా అక్కడక్కడా మిగిలే ఉంది. నలుగురు కూర్చుని తెలుగులో నవ్వుకోవడానికి ఓ టీకొట్టు బల్ల ఎలాగూ ఉంది. పోయాక పోరాడటం వాళ్లకి తప్పలేదు. ఉండగానే కాస్త కూర్చుని చూడటం మన చేతుల్లో పనే!